నలభై పారల నీళ్ళు

హవాయి దీవుల్లోని ఆ లోయలో కాలువ నీళ్ళకు ఒకటే లెక్క. ఏటా వానలు వెలిశాక పూడిక తీస్తారు. ఎవరు ఎందరు మనుషుల్ని పంపితే వాళ్ళకు అన్ని వంతులు. మనిషిని పంపని ఇంటికి నీళ్ళు లేవు. నీళ్ళు పంచే నీరుగంటి నాహిను ముప్పై ఏళ్ళుగా ఈ లెక్క తప్పలేదు.

తోడబుట్టిన కలేహువా విషయంలోనూ తప్పలేదు. ఆరేళ్ళ కిందట ఆమె మొగుడు జ్వరంతో మంచం పట్టాడు. ఆమెకు నెలలు నిండాయి. ఆ ఇంటి నుంచి పార రాలేదు. నాహిను ఆమె తూము మూసేశాడు. లోయ పంట చామ. దానికి పారే నీరు కావాలి, నిలవనీరు వేడెక్కితే దుంప కుళ్ళుతుంది. ఆమె మూడు మళ్ళూ కుళ్ళాయి. మొగుడూ పోయాడు. అప్పటినుంచి ఆమె అన్న ఇంట్లో ముద్ద ముట్టలేదు. పూడిక పనికి మాత్రం ఏటా అందరికన్నా ముందు వచ్చేది.

లోయ కింద నేలంతా చెరుకు తోట. హవాయి చక్కెరకు అమెరికా సుంకం ఎత్తేసిన నాటినుంచి ఆ తోట ఏడాదికింత పైకి పాకుతోంది. దాని దొర లోరింగ్, మతప్రచారకుడి కొడుకు. ఈ దీవిలోనే పుట్టి, చామముద్ద వేళ్ళతో తిని పెరిగాడు. హవాయి రాణిని గద్దె దించిన రోజు తుపాకి పట్టినవాళ్ళలో అతనూ ఉన్నాడు.

అమెరికా ఈ దీవుల్ని కలిపేసుకుని రాజధానిలో తన జెండా ఎగరేసిన మరుసటి ఏడు వరదకు కాలువ సగం మేర బండరాళ్ళతో పూడిపోయింది. జబ్బులకు పోయినవాళ్ళు పోగా, పట్నం పోయినవాళ్ళు పోగా, లోయలో పార పట్టగలిగినవాళ్ళు తొమ్మిదిమంది మిగిలారు.

లోరింగ్ గుర్రం దిగి వాళ్ళతో పాటు నేలమీద కూర్చున్నాడు. మిల్లు మరమ్మతులో ఉందనీ, జపాను కూలీలు ఊరికే కూర్చున్నారనీ, నలభైమందిని నాలుగు రోజులు పంపుతాననీ అన్నాడు. ఇరుగుపొరుగు అన్నాక ఆ మాత్రం చేయకపోతే ఎలా అన్నాడు. సాయానికి వచ్చినవాణ్ణి వెనక్కి పంపడం ఆ లోయవాళ్ళు ఎరగరు.

కలేహువా ఒక్కతే అడ్డం చెప్పింది. "అన్నా, ఆయన చిన్నప్పుడు ఈ కాలువలోనే ఈత కొట్టాడు. మన లెక్క ఆయనకు తెలీదనుకున్నావా?"

"ఈ కాలువ కింద ఆయనకు మడే లేదు. నీళ్ళు నెత్తిన పోసుకుంటాడా?"

"చెరుక్కి పోస్తాడు."

"నామీద కోపం ఆ దొరమీద చూపించకమ్మా," అని నాహిను నవ్వాడు.

నాలుగు రోజుల్లో కాలువ అద్దంలా తయారైంది. అయిదోనాడు రెండు పందుల్ని కాల్చి కూలీలకు కడుపునిండా పెట్టారు. లోరింగ్ కూడా వచ్చి తిన్నాడు.

నెల తిరక్కుండా నీటి తగవుల అధికారి నుంచి తాఖీదు వచ్చింది. లోయ మొదట్లో, ఆ కాలువ కిందే, చచ్చిపోయిన ఒక ముసలమ్మ మడి ఉంది. దాన్ని పట్నంలో ఉన్న ఆమె వారసుల దగ్గర లోరింగ్ కిందటేడే కొన్నాడు. రాతకోతలు పట్నంలోనే జరిగాయి, లోయలో ఎవరికీ తెలియదు. పూడిక తీసిన నలభైతొమ్మిదిమందిలో నలభైమంది తనవాళ్ళు గనక అన్ని వంతులూ తనవేనని అతను దావా వేశాడు.

విచారణ చర్చిలో జరిగింది. దారి పొడుగునా లోయవాళ్ళు నాహినును బతిమాలారు. ఆచారం ఏ కాగితంమీదా లేదు, నీరుగంటి నోటిమాటే సాక్ష్యం. పారల లెక్క కాదు, మళ్ళ లెక్క అని ఒక్క మాట అంటే చాలు, దొరకు ఒక్క మడి నీళ్ళే దక్కుతాయన్నారు. కలేహువా ఏమీ అడగలేదు. కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని ముందు బల్లమీద కూర్చుంది.

నీటి తగవుల అధికారి అడిగాడు. "పార పంపినవాడికా నీళ్ళు, మడి ఉన్నవాడికా?"

నాహిను చెల్లెలి వైపు చూశాడు. మళ్ళ లెక్కే అయితే ఆనాడు ఆమె తూము మూసింది ఏ లెక్కన? ఈ జనమంతా అడగకపోయినా ఆమె అడుగుతుంది. అడగకపోయినా చూస్తుంది.

"పారల లెక్కే," అన్నాడు. "ముప్పై ఏళ్ళలో ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. నా తోడబుట్టినదానికి కూడా."

లోరింగ్ తల దించుకుని టోపీ దులుపుకున్నాడు.

వారంలో ఆరు రోజులు తోటకి, ఆదివారం ఒక్కటి లోయకి అని తీర్పు వచ్చింది. చర్చి మెట్ల దగ్గర కలేహువా అన్నకు ఎదురుగా నిలబడింది.

"నా మళ్ళు కుళ్ళబెట్టావని నేను చచ్చిపోలేదు. ఆనాడు తప్పు చేశానని ఒప్పుకోవలసివస్తుందని ఇంతమంది మళ్ళు ధారపోశావు."

నాహిను మెట్లు దిగి ఇంటిదారి పట్టాడు.

మూడు నెలల్లో మళ్ళన్నీ కుళ్ళు కంపు కొట్టాయి. ఒక్కొక్క ఇల్లే తోట కూలీల గుడిసెల్లోకి దిగింది. కలేహువా కూడా పిల్లను తీసుకుని వెళ్ళింది. వెళ్ళేటప్పుడు అన్న గుమ్మం ముందు నుంచే వెళ్ళింది, ఆగలేదు.

లోయలో నాహిను మిగిలాడు. తోట అంగడిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఓడలో వచ్చిన గోధుమపిండి అమ్ముతారు. అదే తెచ్చుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక చామ తప్ప మరొకటి వండలేదు. పిండిని నీళ్ళలో కలిపి పొయ్యిమీద పెట్టాడు. అడుగంటింది. గీక్కుని తిన్నాడు.