తమ్ముడి ఖాకీ చొక్కా

తమ్ముడు సంచీలోంచి ఖాకీ చొక్కా తీసి ఇస్త్రీ బల్ల మీద పడేసేసరికి అక్క నోరు వెళ్లబెట్టింది.

"పోలీసు ఉద్యోగం వచ్చిందా? నాతో మాట మాత్రమైనా అనలేదేంరా?"

"ఇవాళే డ్యూటీ అక్కా. తొందరగా కానియ్. మడతలు కత్తిలా ఉండాలి."

ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు పోసి విసరడం మొదలుపెట్టింది. పోలీసు పరుగు పరీక్షలో అందరికంటే ముందొచ్చినవాడు వీడు. ఉద్యోగం మాత్రం చివర్న రొప్పుతూ వచ్చిన ఓ పెద్దమనిషి కొడుక్కి దక్కింది. అడుగుదామని వెళ్తే ఆఫీసులో కుర్చీ ఉంది, మనిషి లేడు. అమ్మకు ఆయాసం వచ్చి ఎత్తుకెళ్తే ఆసుపత్రిలోనూ అదే వరస. డాక్టరు కోసం చూస్తూ అమ్మ అక్కడి బల్ల మీదే పోయింది. ఆ తర్వాతే వీడు గోదాము వాళ్లతో తిరగడం మొదలుపెట్టాడు.

గోదాము వాళ్లంటే తుపాకులు పట్టుకున్నవాళ్లు. సంతలో బాంబు పెట్టింది వాళ్లేనంటారు. వీధికి నీళ్ల ట్యాంకరు పంపేదీ వాళ్లే, గవర్నమెంటు కుళాయిలోంచి గాలి తప్ప ఏమీ రాదు మరి! ఆ నీళ్లు తాగుతూ వాళ్లను తిట్టాలో, దణ్ణం పెట్టాలో ఆమెకు ఏనాడూ తేలలేదు. పోన్లే, ఇప్పటికి వాళ్ల పీడ వదిలింది అనుకుంది.

చొక్కా తిరగేసింది. చంక కింద నీలం దారంతో కుట్టు. అది తను వేసిందే. ఖాకీ దారం అయిపోయి, పోలీసు స్టేషన్లో హెడ్డు కానిస్టేబులు గారి చొక్కాకు నీలం దారం వేస్తే, "ఎవరు చూస్తార్లేమ్మా" అని ఆయన నవ్వాడు కూడా.

"ఇది హెడ్డు గారిదిరా!"

"పాతవే ఇచ్చారక్కా. ఈ గవర్నమెంటు కొత్తవి ఎక్కడ కుట్టిస్తుంది?"

నిజమే అనిపించింది. అబద్ధమనీ అనిపించింది. హెడ్డు గారు కొన్నాళ్లుగా కనిపించడం లేదు. స్టేషన్లో అడిగితే, సెలవు పెట్టాడేమో అన్నారు. వాళ్ల మనిషి సంగతి వాళ్లకే తెలియదు.

"అక్కా, ఇవాళ స్టేషన్ వైపు మాత్రం రాకు," అన్నాడు తమ్ముడు, ఆమె మొహం చూడకుండా.

ఆమె చొక్కా మీద చెయ్యి వేసింది. "ఈ చొక్కాతో లోపలికి దూరి వాళ్లను చంపుతావా? నువ్వు మాత్రం బతికి వస్తావా?"

"మన పొట్ట కొట్టిందెవరు? అమ్మ ఎలా పోయిందో మర్చిపోయావా?"

మర్చిపోలేదు. వాడి మాటలో తప్పెక్కడుందో ఆమెకు దొరకలేదు. హెడ్డు గారు అమ్మకేం అపకారం చేశాడో అదీ దొరకలేదు. తలంతా గజిబిజి అయిపోయింది. ఇస్త్రీ పెట్టెను చొక్కా ఛాతీ మీద ఆనించి, అలాగే ఉంచేసింది. పొగ లేచింది. చొక్కా లేకపోతే వీడు వెళ్లలేడు. అంతకు మించి ఆమెకు ఏమీ తోచలేదు.

వాడు గబుక్కున పెట్టెను పక్కకు నెట్టాడు. చొక్కాకు పెద్ద కన్నం పడింది. తిడతాడనుకుంది. తిట్టలేదు.

"చెయ్యి కాలిందా అక్కా?" అన్నాడు. "పర్లేదులే. గోదాములో ఇంకోటుంది."

"ఇంకోటా? అదెవరిదిరా?"

వాడు చెప్పులేసుకుంటున్నాడు. ఆమె వాడి చెయ్యి రెండు చేతులా పట్టుకుంది. "వద్దురా, అది నీకు లూజవుతుందిరా," అంది. ఏం మాట్లాడుతోందో ఆమెకే తెలియలేదు.

వాడు ఆమె వేళ్లు ఒక్కొక్కటే మెల్లగా విడిపించుకుని వీధిలోకి దిగాడు.