కుడిపక్క సద్దు

రత్నసభాపతికి నాదస్వరమంటే ప్రాణం. చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లయితే ఆ నాదం నిండుగా వినిపిస్తుందని మనవరాలు గోపిక ఆయనను గాంధీపురంలోని ఎలక్ట్రానిక్స్ కొట్టుకు తీసుకెళ్లింది.

మొదటి జత పెట్టుకోగానే ఆయన మొహం చిట్లించాడు. "కుడిపక్క సద్దే రాలా."

రెండోదీ అంతే. మూడోదానికి కోపం నషాళానికంటింది. "నన్నే ఏమార్చ చూస్తాడే ఈ కొట్టువాడు! పంపుసెట్లు చేసి తల నెరిసినవాణ్ణి. మోటారు మీద స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి ఈ కుడిచెవికి పెట్టుకుంటే చాలు, లోపల బేరింగ్ అరిగిందో లేదో చెప్పేస్తా. నా చెవికేనా పాడు సరుకు?"

గోపిక హెడ్‌ఫోన్లు తీసి, ఎడమది కుడికీ కుడిది ఎడమకీ మార్చి పెట్టింది. "ఇప్పుడు చెప్పు తాతా."

ఎడమచెవిలో నాదస్వరం ఖంగున మోగింది. కుడిచెవిలో ఏమీ లేదు.

ఆయన కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు.

నిన్న కొడుకు రామ్‌కుమార్ మోటార్లలో గరగర వస్తోందంటే, ఆయన స్వయంగా స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాడు. "ఏ సద్దూ లేదు పోరా, నీకు చెవుడా?" అని కసిరి, ఆ మోటార్లనే లారీ నిండా ఎక్కించి వాడిపట్టి ఊరి రైతులకు పంపించేశాడు.