నాన్న దారిలో మెలిక

ముందే చెప్పేస్తున్నాను, ముక్కు మీద కోపం మా ఇంటి ఆస్తి. అది నాకు నాన్న దగ్గర్నుంచి వచ్చింది. ఆయన దుకాణాలకి బోర్డులు రాసే పెయింటరు. నేను గాజు గొట్టాలు వంచి నియాన్ దీపాలు చేస్తాను. ఈ పని నేర్చుకుంటానన్న రోజున ఆయన కుంచె నేలకేసి కొట్టాడు. "నా బోర్డులన్నీ ఆ దీపాలు మింగేస్తుంటే, నువ్వు పోయి వాటికి వత్తులెక్కిస్తావా?" అన్నాడు. నేనూ తక్కువ తినలేదు. అలా ఏడేళ్ళు మా ఇద్దరికీ మాటల్లేవు.

అమ్మకి ఒంట్లో బాగాలేనప్పుడు ఆసుపత్రి వరండాలో "ఏమైనా తిన్నావా?" అని అడిగాడు. మాటలు మళ్ళీ మొదలయ్యాయి. ఆ ఏడేళ్ళ ఊసు మాత్రం ఇద్దరం ఎత్తలేదు. నా షాపు గడప ఆయన తొక్కలేదు. నేను పని చేస్తుండగా మా నాన్న ఒక్కసారైనా చూశాడా? ఇది నా మనసులో ముల్లులా ఉండిపోయింది. నలభై ఏళ్ళు వచ్చినా పోలేదు.

ఇలా ఉండగా, నగరం నడిబొడ్డున ఒక వెలుగుల శిల్పం పెట్టాలనుకున్నారు. శిల్పి నాకంటే పదేళ్ళు చిన్నది. ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టు మాట్లాడుతుంది, కానీ పట్టిన పట్టు వదలదు. ఆవిడ ఆలోచన ఇది: నగరంలో పంతొమ్మిది పేటలున్నాయి. ఒక్కో పేట నుంచి ఒక్కో కళాకారుడు, పని ముగించుకుని ఇంటికెళ్ళే దారిని కాగితం మీద గీయాలి. ఆ గీతే వెలిగే గొట్టమవుతుంది. పంతొమ్మిది దారులూ గాల్లో వేలాడతాయి. గొట్టాలు వంచే పని నాది.

ఒక్కొక్కరే వచ్చి మా షాపు నేల మీద పరిచిన కాగితాల మీద గీసి వెళ్ళారు. ఫిడేళ్ళు బాగుచేసే ముసలాయన దారి ఆయనలాగే వణుకుతూ సాగింది. నాట్యం టీచరు ఇల్లు మూడు వీధుల అవతలే, అయినా అరగంటసేపు గీసింది. అందరూ వెళ్ళాక దీపం తగ్గించి, ఆ కాగితాల మధ్య చెప్పులు విప్పి నడిచేదాన్ని. నగరమంతా నా కాళ్ళ దగ్గర పడుకుని మెల్లగా ఊపిరి తీసుకుంటున్నట్టుండేది. ఆ కాసేపూ నాకు ఎవరి మీదా కోపం ఉండేది కాదు.

మా పేటకి శిల్పి నాన్నని ఎంచుకుంది. నన్ను ఒక్క మాట అడగలేదు. ఆయన షాపుకి రానన్నాడట, ఆవిడే ఇంటికెళ్ళి గీయించుకొచ్చింది. నీలం రంగులో, కుంచెతో ఒకే గీత. ఇల్లు ఇంకా కాస్త దూరం ఉందనగా ఆ గీత కుడికి తిరిగి, ఒక చుట్టు చుట్టి, మళ్ళీ రోడ్డెక్కింది. చుట్టు మధ్యలో రంగు చిక్కగా ఉంది. చుక్క కారిందనుకున్నాను.

ఫోన్ చేశాను. "నాన్నా, ఆ మెలికేంటి? తిన్నగా పోతే రెండు నిమిషాల్లో ఇల్లొస్తుందిగా!"

"నా దారి నాకు తెలీదా? గీసినట్టు వంచు. చేతకాకపోతే చెప్పు."

అంత చిన్న చుట్టు తిప్పడమంటే మాటలు కాదు. గొట్టాన్ని మంట మీద తిప్పుతూ, దాని చివర తగిలించి నోట్లో పెట్టుకున్న రబ్బరు గొట్టంలోంచి సరిగ్గా ఊదాలి. ఊపిరి తగ్గితే గాజు అణిగిపోతుంది, ఎక్కువైతే ఉబ్బిపోతుంది. రెండుసార్లు పగిలింది. తల ప్రాణం తోకకొచ్చింది. మూడోసారి కోపమొచ్చి మెలిక ఎగ్గొట్టేసి తిన్నగా వంచేశాను. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. వెలిగించి చూస్తే శుభ్రంగానే ఉంది గానీ, అబద్ధమాడినట్టనిపించింది.

మర్నాడు సాయంత్రం ఆ కాగితం పట్టుకుని, నాన్న బోర్డులు రాసే షెడ్డు దగ్గర్నుంచి నడక మొదలుపెట్టాను. కిటికీల్లో ఒక్కొక్కటే దీపాలు వెలుగుతున్నాయి. వేళ్ళ కింద నీలం గీత, కాళ్ళ కింద వీధి, రెండూ కలిసి నన్ను ఎక్కడికో తీసుకుపోతున్నాయి. దర్జీ కొట్టు పక్కన గీత కుడికి తిరిగింది. నేనూ తిరిగాను. సన్నటి సందు. రంగు చిక్కబడ్డ చోటికొచ్చి తలెత్తి చూశాను.

ఎదురుగా నా షాపు వెనక కిటికీ. షాపు వాకిలి అవతలి వీధిలో ఉంది, ఇటువైపు నేనెప్పుడూ రాలేదు. లోపల నా బల్ల, నా స్టూలు, నా బర్నరు.

మంట ముందు కూర్చుంటే నాకు కిటికీ అవతల ఏదీ కనబడదు. ఇక్కడ నిలబడ్డవాళ్ళకి మాత్రం నేను పూర్తిగా కనబడతాను.

వెనక్కి తిరిగాను. కుంచెలో మిగిలిన రంగుని కనబడ్డ గోడకల్లా తుడవడం నాన్నకి అలవాటు. దానికి అమ్మ తిట్టని రోజు లేదు. కిటికీకి ఎదురుగోడ మీద ఆయన చెయ్యెత్తున, ఎరుపు మీద పసుపు, పసుపు మీద పచ్చ, మళ్ళీ ఎరుపు. గోరుతో గీరితే పొర కింద పొర వచ్చింది. అన్నీ ఎండి పాతబడిపోయిన రంగులే. ఒక్క రోజువి కావు, ఒక్క ఏడాదివి కావు. ఆ గోడకి చెయ్యి ఆనించి చిన్నపిల్లలా ఏడ్చాను.

తిన్నగా వంచిన గొట్టాన్ని నేనే పగలగొట్టాను. కొత్త గొట్టం తీసుకుని, ఊపిరి కుదుటపడేదాకా ఆగి, మెలిక తిప్పాను. ఈసారి నిలబడింది.

శిల్పాన్ని వెలిగించిన సాయంత్రం పేటలకి పేటలే కదిలొచ్చాయి. జనం తలలెత్తి తమ వీధులు వెతుక్కుంటున్నారు. నాట్యం టీచరు తన మూడు వీధుల్నీ వేలితో గాల్లో గీసుకుంటోంది. నీలం గీత కింద నాన్న చాలాసేపు నిలబడ్డాడు. పక్కన నేను.

"మెలిక దగ్గర వెలుగు ఎక్కువుందేమే?"

"అక్కడ ఎక్కువసేపు నిలబడేవాడివి కదా, నాన్నా."

ఆయన నా వైపు చూడలేదు.

"ఆ కిటికీ అద్దం ఎప్పుడూ మసే," అన్నాడు కోపంగా. "ఆ ఏడేళ్ళలో ఒక్కసారైనా తుడిచావా?"