పద్నాలుగు అంగుళాల సత్యసంధత

నేను ఒక ఇనుప కడ్డీని. పుట్టిన నాటి నుంచి ఒక్క అబద్ధం ఆడి ఎరగను. కోర్టుల్లో మనుషులకు బదులు నన్ను బోనెక్కించి ఉంటే, దేశంలో సగం కేసులు మధ్యాహ్నం భోజనాల లోపే తేలిపోయేవి.

పాత కారు బానెట్ ఎత్తితే, ఇంజిన్ పక్కన సన్నటి గొట్టంలోంచి ఉంగరంలాంటి తల బయటపెట్టి కనిపిస్తానే, అదే నేను. డిప్‌స్టిక్ అంటారు. నన్ను పైకి లాగి, తుడిచి, మళ్ళీ ముంచి తీస్తే, లోపల ఆయిల్ ఎంతుందో నా ఒంటి మీది తడి చెబుతుంది. కింది గీత దగ్గర ఆగితే తక్కువ. పై గీత దాకా వస్తే నిండినట్టు. నా చదువంతా ఆ రెండు గీతలే. వాటితోనే ఎనిమిదేళ్ళు ఒక లెక్కల మాస్టారికి పాఠం చెప్పాను.

మద్రాసు దగ్గర ఒక కార్ఖానాలో పుట్టాను. ఆ తర్వాత కొన్నాళ్ళు అక్కడా ఇక్కడా పనిచేశాను. ఆ వివరాలు ఇప్పుడెందుకు లెండి. చివరికి కాకినాడలో పేర్రాజు మాస్టారి కారులో కుదురుకున్నాను. యాభై ఎనిమిదో సంవత్సరం మోడల్, బూడిద రంగు, ముందు నుంచి చూస్తే నిద్రలో లేపిన తాసీల్దారులా ఉంటుంది. మాస్టారి భార్య మంగతాయారు గారు కాపురానికి వచ్చింది అందులోనే.

రోజూ పొద్దున్నే మాస్టారు పాత బనీను ముక్కతో నన్ను తల నుంచి కొస దాకా తుడిచేవారు. చంటిపిల్లాడికి కూడా అంత శ్రద్ధగా ఎవరూ ఒళ్ళు తుడవరు.

కారుకు ఉన్న రోగం ఒక్కటే, పొగ. పోయినేడు పాత కార్ల ఊరేగింపులో మెయిన్ రోడ్డు మీద అది వదిలిన పొగకు వీధి దీపాలు పట్టపగలే వెలిగాయి. వెనక వస్తున్న బ్యాండు మేళం వాళ్ళు ఒక పాట మొదలుపెట్టి దగ్గుతో ముగించారు. మునిసిపాలిటీ వాళ్ళు దోమల మందు కొడుతున్నారనుకుని జనం మంచాలు తెచ్చి వీధిలో వేశారు.

ఆ రోజు ముందు సీట్లో కూర్చుని మొహం నల్లగా మారిన మంగతాయారు గారు, ఈ ఏడాది ఊరేగింపు దగ్గరపడగానే తేల్చి చెప్పేశారు.

"ఏవండీ, ఈ ఆదివారం గనక ఇది మళ్ళీ పొగ వదిలిందా, సోమవారం పొద్దున్నే తుక్కు బండిని నేనే పిలుస్తాను. మీరు అడ్డమొస్తే మిమ్మల్ని కూడా ఎక్కించి పంపిస్తాను."

మాస్టారు బానెట్ మీద చెయ్యి వేశారు. "బండి తప్పు కాదు తాయారూ. దీనికి సరిపడే ఆయిల్ ఇంకా దొరకలేదు, అంతే."

ఆయిల్ వేట మొదలైంది. ముందు బాగా చిక్కటిది పోశారు. స్టార్టు నొక్కితే ఇంజిన్ పనసతొనలు తిన్నవాడిలా పెదవులు అంటుకుపోయి మూలిగింది, తర్వాత పొగ వదిలింది. పక్కింటి అబ్బులు గారు వచ్చి బానెట్‌లోకి తొంగి చూశారు. "ఆయ్, ఇంకా ఈ జిడ్డేంటండీ మాస్టారూ? మా వాడి కొత్త కారుకు సింథటిక్ ఆయిల్ పోస్తాం. నీళ్ళలా ఉంటుందండి. పోసి చూడండి" అన్నారు. పోశారు. ఆ పల్చటి ఆయిల్ ముసలి ఇంజిన్‌లో ఉన్న ప్రతి సందులోంచీ బయటికొచ్చి, వాకిలంతా పాకి, అబ్బులు గారి గేటు దాకా వెళ్ళి కృతజ్ఞతలు చెప్పి వచ్చింది. ఇంకాస్త పొగైంది. తగ్గినదల్లా మాస్టారు మళ్ళీ నా పై గీత దాకా నింపారు.

శనివారం మాస్టారు పాత ఇంజిన్లకు వాడే ట్వంటీ ఫిఫ్టీ మినరల్ ఆయిల్ తెచ్చారు. "ఇదీ పని చేయకపోతే ఇక నా వల్ల కాదు" అన్నారు, నన్ను తుడుస్తూ. నాకూ బెంగ పట్టుకుంది. తుక్కు బండి ఎక్కితే నేనూ ఎక్కాలి కదా.

పాత ఆయిల్ దించే వేళకు మంగతాయారు గారు వచ్చి, "నా ముగ్గు మీద పడకూడదు" అంటూ అయిదు లీటర్ల ఖాళీ వంటనూనె డబ్బా కింద పెట్టారు. డబ్బా నిండింది. నిండి పొర్లింది. పొర్లి ముగ్గంతా నల్లగా చేసింది.

"ఏవండీ, దీనికి ఎన్ని లీటర్లు పోయాలి?"

మాస్టారు కారుతో వచ్చిన పుస్తకం తెచ్చి చూపించారు. అందులో నాలుగు అని అచ్చయి ఉంది. దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పైన ఆరు అని దిద్ది ఉంది. పక్కన మాస్టారి పొట్టి సంతకం.

"ఇదెవరు దిద్దారు?"

"నేనే. అచ్చుతప్పు. నాలుగు పోస్తే కడ్డీ కొసకు తడే తగలట్లేదు. ఆరు పోస్తే గానీ పై గీతకు రాదు."

"కంపెనీ వాళ్ళ పుస్తకంలో మీరు తప్పు దిద్దారా? మూకుడు అంచు దాకా నూనె పోసి బూరెలు వేస్తే పొంగి పొయ్యిలో పడదా? పొగ రాదా? ఇంజిన్ అయితే మాత్రం?"

ఆవిడ పేజీ తిప్పారు. అక్కడ నా బొమ్మ ఉంది, పక్కన కొలత ఉంది. ఆవిడ జాకెట్లు కుట్టే టేపు తెచ్చి నన్ను పట్టుకుని కొలిచారు.

"పదహారు అంగుళాలని రాసుంది. ఇది పద్నాలుగే. దీన్ని కూడా ఎర్ర సిరాతో దిద్దుతారా?"

ఆదివారం నాలుగంటే నాలుగే లీటర్లు పోసుకుని ఆ కారు మెయిన్ రోడ్డంతా ఇంత పొగ కూడా లేకుండా నడిచింది. వెనక బ్యాండు వాళ్ళు మూడు పాటలు పూర్తిగా వాయించారు. మంగతాయారు గారు ముందు సీట్లో తెల్లచీర కట్టుకుని కూర్చున్నారు. అసలు కడ్డీ దొరికేదాకా నేను గొట్టానికి మూతగా ఉంటున్నాను. మాస్టారు ఇప్పటికీ పొద్దున్నే తుడుస్తారు, కానీ తుడిచాక నావైపు చూడరు.

దొరికిపోయాను కాబట్టి ఒప్పుకుంటున్నాను. నేను ఆ కారు కడ్డీని కాను. ఒక వ్యాన్‌ది. ఎనిమిదేళ్ళ క్రితం మస్తాన్ మెకానిక్ షెడ్డులో రెండు బళ్ళకూ ఒకేసారి పని జరిగింది. నేనూ, ఆ కారు కడ్డీ ఒకే గుడ్డ మీద ఆరుతున్నాం. మస్తాన్ కారు వైపు నుంచి చెయ్యి చాపాడు, చూడకుండా. ఆ చేతి కిందికి నేనే కాస్త దొర్లాను.

మరేం చెయ్యను? ఆ వ్యాన్ చేపలు మోసేది.

నాకు బదులు దాంట్లోకి వెళ్ళిన కడ్డీ రెండంగుళాలు పొడుగు. అంటే లోపల ఆయిల్ అడుగంటుతున్నా అది పైగీత దాకా తడిసి, నిండుగా ఉందనే చెబుతూ ఉండాలి. ఆ వ్యాన్ ఇంజిన్ ఏమైందో మాత్రం దయచేసి నన్ను అడక్కండి.