మాట్లాడకూడని హాలు

చెల్లెలికి పిల్లి అని పేరు పెట్టింది అన్నే. ఇంట్లో మిగతావాళ్ళకి ఏదో ఒక చప్పుడు ఉంది. అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుంటే మిషను మోగుతుంది, లేస్తే నోరు మోగుతుంది. నాన్న అడుగు వీధి చివర నుంచే తెలుస్తుంది. చెల్లెలు మాత్రం ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు వెళ్ళిందో ఎవరికీ తెలియదు. పుట్టుక నుంచీ చూపు లేని అన్నకి అలాంటి మనిషితో ఒక ఇంట్లో ఉండటం ఇబ్బందే. గుమ్మంలో ఆమెను గుద్దుకున్నప్పుడల్లా, "దెయ్యంలా తిరక్కే. ఉన్నానని ఒక్క మాట అంటే నీ ముత్యాలేం రాలిపోవు" అనేవాడు.

ఆమెకు ఆ ఒక్క మాటే బరువు. అందుకని చిటికెలు వేయడం మొదలుపెట్టింది. ఒక చిటికె వేస్తే నేనిక్కడ ఉన్నానని. రెండు వేస్తే ఆగు, ముందు ఏదో ఉందని. రెండు చిటికెలు వినగానే అన్న ఎక్కడివాడక్కడ ఆగిపోయేవాడు. పొయ్యి మీంచి దించిన వేడినీళ్ళ గిన్నె ముందు ఒకసారి, వీధిలో తవ్వి వదిలేసిన గోతి ముందు ఒకసారి అలాగే ఆగాడు. కొన్నేళ్ళకి అది ఇద్దరికీ ఎంత అలవాటైపోయిందంటే, వేసే ముందు ఆమె ఆలోచించేది కాదు, ఆగే ముందు అతను ఆలోచించేవాడు కాదు.

ఆదివారాలు అన్నని బస్సులో పట్నం తీసుకెళ్ళడం ఆమె పని. అక్కడ ఒక సంఘం వాళ్ళ భవనం ఉంది. ఒక గదిలో చెవులు వినపడని పిల్లలకి బొమ్మలు వేయడం నేర్పుతారు. వెనక షెడ్డులో పాత చక్రాల కుర్చీలు బాగుచేసి కావలసినవాళ్ళకి వాడుకోడానికి ఇస్తారు. పెద్ద హాల్లో చూపు లేనివాళ్ళు బంతాట ఆడతారు. తీసుకొచ్చిన ఇంటివాళ్ళంతా వరండాలో బల్లల మీద కూర్చుని టీ తాగుతూ, డాక్టర్లనీ బంధువులనీ కలిపి తిట్టుకుంటారు. చెల్లెలు ఒక మూల కూర్చుని పుస్తకం చదువుకునేది. లోపలి ఆట ఆమె ఎప్పుడూ చూడలేదు. బంతిలో గంటల గలగల, మనుషులు నేల మీద పడ్డ చప్పుడు, విజిలు తలుపు సందులోంచి వినబడేవి. అంతే.

ఆ ఆట ఆడించే ఆయన్ని అందరూ విజిల్ మాస్టారు అనేవారు. ఆట తీరు పెద్ద చిక్కుగా ఏమీ ఉండదు. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. కొందరికి కాస్త చూపు ఉంటుంది కాబట్టి అందరి కళ్ళకీ గంతలు కడతారు. నేల మీద దారాలు పరిచి పైన టేపు అంటించి ఉంటుంది, వేళ్ళతో తడుముకుంటే ఎవరెక్కడ ఉన్నారో వాళ్ళకి తెలుస్తుంది. గంటల బంతిని దొర్లించి కొడితే, అవతలివాళ్ళు చప్పుడు విని అడ్డంగా పడుకుని ఆపాలి. అందుకే బంతి కదులుతున్నంతసేపూ హాల్లో ఎవరూ నోరెత్తకూడదు. చూడటానికి వచ్చినవాళ్ళలో ఎవరైనా చప్పుడు చేస్తే, వాళ్ళింటి ఆటగాడికి శిక్ష. మిగతా ఇద్దరూ పక్కకి తప్పుకుంటారు. అంత వెడల్పు గోలుకీ అతనొక్కడే కాపలా ఉండి బంతిని ఎదుర్కోవాలి.

ఆ ఏడు జట్టు వేరే పట్నం వెళ్ళి ఆడాల్సి వచ్చింది. మూడు రాత్రులు అక్కడే పడక. వ్యాన్లో ఇంటివాళ్ళకి చోటు లేదు. చోటున్నా మాస్టారు రానివ్వరు. అన్న పేరు జట్టులో ఉంది. నాన్న, "మీ అమ్మ ఊ అంటే నాదీ ఊ" అని తప్పుకున్నాడు. అమ్మ ఊ అనలేదు.

"మంచం దిగితే చెప్పులు ఎక్కడున్నాయో నేను చెప్పాలి. మూడు రాత్రులు ఎవరు చెబుతారు?"

"చెప్పులు నా కాళ్ళకి తెలుసమ్మా. నువ్వు చెబుతావు గనక వింటున్నా, అంతే" అన్నాడు అన్న.

"ఆ, ఇప్పుడిలాగే అంటావు. అక్కడ ఏ గోడకో తల పెట్టి కొట్టుకున్నాక అమ్మా అంటావు."

అన్న రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. మూడో రోజు అమ్మే దిగొచ్చింది. ఆదివారం తనూ వస్తుంది. హాల్లో కూర్చుని ఒక్క ఆట చూస్తుంది. చూశాక ఏం చెబితే అదే ఆఖరు మాట. దానికి అన్న ఒప్పుకున్నాడు గానీ, బయటికి వచ్చి చెల్లెలితో, "పిల్లీ, అమ్మ హాల్లో నోరు మూసుకుని కూర్చోవాలి. అది నీ పూచీ. నువ్వు పక్కనే ఉండు. నోరు మూసుకోవడం నీకంటే బాగా ఎవరికి వచ్చు?" అన్నాడు.

ఆ వారమంతా ఆమె అమ్మకి పాఠం చెప్పింది. నోటితో కాదు. అమ్మ మిషను మీద ఉండగా అన్న వసారాలో నడుస్తుంటే, అమ్మ "కుడిపక్క కుర్చీ" అనబోయేది. చెల్లెలు వెంటనే తన పెదవుల మీద వేలు పెట్టుకునేది. అమ్మ మాట మింగి, మిషను పెడలు మీద కసి తీర్చుకునేది. "ఇదేం శిక్షే తల్లీ, కడుపు ఉబ్బిపోతోంది" అని మొత్తుకునేది. శనివారానికి కాస్త దారికొచ్చింది. ఆదివారం బస్సు దిగి, బడ్డీకొట్లో పెద్ద చప్పరింపు బిళ్ళ ఒకటి కొని, హాలు గుమ్మంలో నోట్లో వేసుకుంది.

మాస్టారు నమస్కారం పెట్టి, "అమ్మా, మీ గురించి చాలా విన్నాం" అన్నారు.

అమ్మ బుగ్గ చూపించింది, బిళ్ళ ఉందని.

అన్న జట్టులో కబుర్ల బాబాయి అని ఒకాయన ఉన్నాడు. ఆఫీసులో ఫోన్లు కలిపే ఉద్యోగం. గంతలు కట్టుకుంటూ, "వదినగారు వచ్చారటగా. ఈవేళ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పడతాను" అన్నాడు. అందరూ నవ్వారు. మాస్టారు విజిలు ఊదారు. హాలు ఒక్కసారిగా ఖాళీ అయినట్టు నిశ్శబ్దమైంది.

ఆట అంత మొరటుగా ఉంటుందని చెల్లెలు అనుకోలేదు. బంతి బరువైనది. అవతలివాడు ఒళ్ళంతా విసిరినట్టు విసిరితే గంటలు గలగలమంటూ వచ్చి, నేల మీద బారుగా పడుకున్న అన్న డొక్కకి తగిలేది. అన్న మూలిగి, బంతిని వాటేసుకుని లేచేవాడు. ఇంట్లో మెట్టు దిగేటప్పుడు అమ్మ చెయ్యి పట్టుకునే మనిషి ఇతనేనా అనిపించింది. పక్కకి చూస్తే అమ్మ బిళ్ళ చప్పరించడం కూడా మానేసి కళ్ళు పెద్దవి చేసుకుని ఉంది. చెల్లెలు అమ్మ చెయ్యి తన ఒళ్ళో గట్టిగా పట్టుకుంది, ఎటూ పోకుండా.

అవతలివాళ్ళు మూలకి గురిపెట్టి కొట్టారు. బంతి గోలు చివర ఇనుప స్తంభం వైపు దొర్లుకుంటూ వస్తోంది. అన్న అటు దూకాడు. అతని తల నేరుగా స్తంభం మీదికే వెళుతోంది.

చెల్లెలి చెయ్యి రెండు చిటికెలు వేసింది.

అన్న ఆగిపోయాడు. చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. బంతి అతని వేళ్ళ ముందు నుంచి, తీరిగ్గా, గంటలు మోగించుకుంటూ లోపలికి వెళ్ళింది.

విజిలు మోగింది. మాస్టారు సూటిగా అమ్మ దగ్గరికి వచ్చారు. "అమ్మా, చప్పుడు చేయకూడదని తెలుసు కదండీ! ఆ స్తంభానికి నిలువెల్లా మెత్తలు చుట్టి ఉన్నాయి, చూడండి. అబ్బాయి ఆ బంతి ఆపేసేవాడే!"

అమ్మకి బిళ్ళ అడ్డం పడి మాట రాలేదు. రెండు చేతులూ ఊపింది.

"అమ్మ కాదు సార్" అన్నాడు అన్న నేల మీంచి. "పిల్లి."

"హాల్లోకి పిల్లెలా వచ్చిందిరా?" అన్నాడు కబుర్ల బాబాయి.

"మా చెల్లెలు." అన్న లేచి గంతలు సర్దుకున్నాడు. గొంతులో కోపం లేదు. "సార్, శిక్ష నేను తీసుకుంటాను. కానీ ముందు దాన్ని బయటికి పంపండి. అది ఉంటే నా చెవులు అటే పోతాయి."

హాల్లో అందరూ ఆమె వైపు తిరిగారు, చూపు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ. ఎలా లేచిందో, తలుపు దాకా ఎలా నడిచిందో ఆమెకు తెలియదు. బయట గోడకి తెల్లకర్రలు వరసగా ఆనించి ఉన్నాయి, కింద చెప్పులు. ఆ చెప్పుల పక్కనే మెట్టు మీద కూర్చుంది. వారమంతా అమ్మ నోటికి కాపలా కాసి, తన చేతిని వదిలేసింది. అమ్మ ఇప్పుడు ఏమంటుందో తెలిసిందే. చూశావా, మనం లేకపోతే వాడు స్తంభానికి కొట్టుకునేవాడే అంటుంది. వ్యాను అన్న లేకుండానే వెళ్ళిపోతుంది. అది తన వల్లే.

లోపల విజిలు మోగింది. గంటల చప్పుడు మొదలైంది, దగ్గరైంది. దబ్బుమని ఏదో తగిలింది. తర్వాత ఒక్కసారిగా కేకలు. అవి ఎవరి కేకలో ఆమెకు తెలియలేదు. ఆపినందుకు కూడా అలాగే అరుస్తారు, ఆపలేకపోయినందుకూ అలాగే అరుస్తారు. అన్న అయితే ఇట్టే చెప్పేవాడు.

చాలాసేపటికి ఆట ముగిసి తలుపు తెరుచుకుంది. అమ్మ వచ్చి మెట్టు మీద కూలబడింది.

"ఆపాడా?" అంది చెల్లెలు.

"లేదు. మూతికి తగిలి లోపలికి పోయింది. పెదవి చిట్లింది."

"నువ్వేం చేశావు?"

"బిళ్ళ మింగేశాను." అమ్మ గుండెల మీద రాసుకుంది. కాసేపు చెప్పుల వైపు చూసింది. "అది కాదే. అంత దెబ్బ తగిలితే వాడు అమ్మా అనలేదు."

చెల్లెలు అమ్మ వైపు తిరిగింది.

"పక్కనే ఉన్నానా? నేనున్నానని తెలుసా? ఎవరైనా సూది గుచ్చుకున్నా అమ్మా అంటారు. వీడు మూతి తుడుచుకుని, నా తప్పే బాబాయ్ అన్నాడు. ఆ ఫోన్లాయనతో. అని మళ్ళీ ఆ దారం ఎక్కడుందో తడుముకుని, దాని మీద నిలబడ్డాడు." అమ్మ ఇదే మాట ఇంకోసారి చెప్పింది, ఎవరి మీదో ఫిర్యాదు చేస్తున్నట్టు. "అమ్మా అనలేదే."

అన్న పెదవి మీద దూది అదుముకుని, కబుర్ల బాబాయి భుజం పట్టుకుని వచ్చాడు. వెనకే మాస్టారు. ముందుగా బాబాయే, "భయపడకండి వదినగారూ, అక్కడ అబ్బాయిని నేను చూసుకుంటాను" అన్నాడు.

"నువ్వా? నిన్ను చూసుకోడానికే ఇంకొకడు కావాలి" అంది అమ్మ. బాబాయి పగలబడి నవ్వాడు. అమ్మ నవ్వలేదు. మాస్టారి వైపు తిరిగి, "వ్యాను ఎన్నింటికి?" అంది.

అన్న దూది తీసేశాడు.

"శుక్రవారం పొద్దున్నేనమ్మా" అన్నారు మాస్టారు.

"దూది, మందు మీ దగ్గర ఉంటాయా, నేను కట్టివ్వాలా?"

"ఉంటాయమ్మా."

"అయితే పొద్దున, రాత్రి ఫోను చేయించండి."

"రోజుకి ఒక్కసారి" అన్నాడు అన్న.

"రెండు."

"ఒక్కసారి. అదీ పిల్లికి చేస్తాను. దానితో అయితే తొందరగా అయిపోతుంది."

"బాగుందిరా! ఆ నోరు లేనిదాని వల్లే కదా ఈవేళ మీరు ఓడింది!" అంది అమ్మ. ఈసారి మాస్టారు కూడా నవ్వారు.

చెల్లెలు లేచి, చెప్పుల్లోంచి అన్నవి వెతికి అతని ముందు పెట్టింది. మళ్ళీ వాటిని తీసి, ఎక్కడున్నవి అక్కడే పెట్టేసింది. అన్న వంగి, తడుముకుని, వేసుకున్నాడు.

"ఎన్నింటికి చేస్తావు?" అని అడిగింది ఆమె.