పీచు డబ్బాలో ఉత్తరం

నా కళ్ళు కప్పగల నేరస్థుడు ఇంకా పుట్టలేదు. క్రిమినాలజీ ఎం.ఏ.లో క్లాసు ఫస్టు నేనే. కాకపోతే చివరి పరీక్షనాడు పొద్దున హాల్‌టికెట్ కోసం గంటసేపు ఇల్లంతా గాలించాను. అది మా ఆయన కాఫీ గ్లాసు కింద ఉంది, గుండ్రటి మరకతో సహా. ఆ సాక్ష్యం పక్కనుంచే నాలుగుసార్లు తిరిగాను.

ఈ చదువులో చేరినప్పుడే మా ఆయన, పంచదార ఎవరు తిన్నారో కనిపెడతావా అన్నారు. జైళ్ళలో, కోర్టుల్లో, బాధితులకు సాయం చేసే ఆఫీసుల్లో ఉద్యోగాలుంటాయని నేను చెబుతుంటే టీవీ సౌండు పెంచారు. అత్తయ్య మాత్రం బట్టలు మడతపెడుతూ విన్నారు. ఇక నాకు రెండేళ్ళుగా వంట, గిన్నెలు, బస్సు, క్లాసు, బస్సు, మళ్ళీ వంట, మళ్ళీ గిన్నెలు. నేను తోమిన గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే విమానాలు దారి మళ్ళించుకోవాలి. బస్సులో నిలబడి నిద్రపోవడంలో నాకు డాక్టరేటే ఇవ్వచ్చు.

పోయిన నెల ఆడవాళ్ళ జైల్లో సంక్షేమాధికారిగా తీసుకుంటున్నామని ఉత్తరం వచ్చింది. రైల్లో నాలుగు గంటల దూరం, ఉండడానికి అక్కడే క్వార్టరు. పరీక్షలవగానే చేరాలి. చివరి పరీక్ష మర్నాడు, శుక్రవారంలోగా జవాబివ్వాలి. ఇంట్లో ఉద్యోగం రాలేదని చెప్పి, ఉత్తరాన్ని కవర్లో చుట్టి, సింకు కింద పీచులు పెట్టే డబ్బా అడుగున దాచాను. బ్యాంకు లాకరు దాని ముందు దిగదుడుపే. పెళ్ళై వచ్చిన నాలుగేళ్ళలో ఆ డబ్బా మీద నా వేలిముద్రలు తప్ప ఇంకొకరివి పడలేదు.

గురువారం సాయంత్రం చివరి పరీక్ష రాసి వచ్చేసరికి గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. బల్ల మీద ఉత్తరం, పెన్ను. పక్కన అత్తయ్య.

"ఉద్యోగం రాలేదన్నావు?"

అది ప్రొఫెసరుగారు నమూనాకిచ్చిన ఉత్తరమని చెప్పాను. దొరికినవాళ్ళ మొదటి అబద్ధం పేలవంగా ఉంటుందని మా పాఠంలోనే ఉంది.

"వాడికి భయపడి దాచావా?"

"ఆయన వెళ్ళనివ్వరుగా, అత్తయ్యా."

"వాడికి కనపడకూడదంటే నీ పుస్తకంలో పెట్టినా చాలు. ఆ డబ్బాలో రోజూ చెయ్యి పెట్టేది నువ్వే. గడువు రేపే. రోజూ చూస్తూ కూడా జవాబు రాయలేదు. ఇంతకీ ఎవరికి భయపడి దాచావే అమ్మాయ్?"

ఈవిడకి యూనివర్సిటీలో సీటిచ్చి ఉంటే నాకు ఫస్టు దక్కేది కాదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ ఇంట్లో ఆ వేళప్పుడు నేను కూర్చోవడం అదే మొదటిసారి.

"ఆయన్ని నేను అడగనేలేదు, అత్తయ్యా. అడిగితే సరే అంటారేమోనని భయం. అప్పుడు నిజంగా వెళ్ళాలి. వెళ్ళే ఓపిక కూడా ఈ గిన్నెల్లోనే పోయింది. రేపు గడువు దాటిపోతే, ఆయనే పంపలేదని బతికినన్నాళ్ళూ చెప్పుకోవచ్చనుకున్నాను. చేసింది నేనే. ఆ పెన్ను ఇటివ్వండి."