పలకరింపు లేని రోజు

తాళం తీసి, సూట్‌కేసు లోపలికి లాగుతూనే బాలకుమారి "గుడ్ మార్నింగ్ మెండెల్ గారూ!" అనేసి నాలుక కరుచుకుంది. ఆరేళ్లుగా ఏటా ఈ రోజున ఇదే తప్పు.

మెండెల్ గారు నేలమీద దిండు వేసుకుని కూర్చున్నారు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి. మూడు వారాలుగా కత్తెర తగలని గడ్డం, మాసిన చొక్కా. తొమ్మిది రోజులుగా బట్టలు ఉతకనివ్వలేదు. ఇవాళ యూదులకి యెరూషలేము దేవాలయం తగలబడిన రోజట. తిండి, నీళ్లు, స్నానం, తోలు చెప్పులు, మధ్యాహ్నం దాకా కుర్చీ, ఆఖరికి పలకరింపులు కూడా కూడవు.

"మా ఆయన పోతే చుట్టాలు మూడో నెలకే మర్చిపోయారు. వీళ్లు రెండువేల ఏళ్ల కిందట కాలిన గుడికి ఇంకా ఏడుస్తున్నారే! మనుషులంటే వీళ్లే," అని నిరుడు నర్సాపురంలో ఉన్న అక్కకి ఫోన్ చేసి మెచ్చుకుంది కూడా. ఈసారి మాత్రం ఒళ్లు మండిపోతోంది. పనిలో ఇవాళే ఆమె ఆఖరి రోజు. ఇంగ్లండుది కాదు, కెనడాలోనే ఉన్న ఇంకో లండన్‌లో ఆసుపత్రి ఉద్యోగం వచ్చింది, సాయంత్రమే బస్సు. ఆరేళ్లు స్నానం చేయించి, మాంట్రియల్ మంచులో చెయ్యి పట్టుకుని నడిపించిన మనిషి నోట 'వెళ్లిరా అమ్మా' అన్న ఒక్క మాట వినాలని ఆమె ఆశ. క్యాలెండర్ చూసుకోకుండా టికెట్ కొనుక్కుంది. ఏడాదిలో ఇన్ని రోజులుండగా, ఆమె మొహానికి ఇదే దొరికింది!

"మీ గురువు రబ్బీ గారే ఫోన్ చేసి తినమన్నారు కదండీ. ఖాళీ కడుపున మాత్రలు వేసుకుంటే కళ్లు తిరుగుతాయి," అంది గుడ్డు ఉడకబెట్టి తెచ్చి.

"రబ్బీకి నలభై ఏళ్లు. వాడికేం తెలుసు?"

"అయితే నేనూ తినను."

నర్సాపురం తల్లుల బ్రహ్మాస్త్రం అది. మెట్రోలో నాలుగు ఇడ్లీలు లాగించి వచ్చిన సంగతి దేవుడికీ ఆమెకీ మాత్రమే తెలుసు. పదకొండింటికి గోడ పట్టుకుంది. పన్నెండింటికి నీరసంగా మూలిగింది. గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో సిలువ మీది ఏడు మాటల ప్రసంగాలూ అయ్యేదాకా పస్తుండే ఆడవాళ్ల మధ్య పెరిగింది కాబట్టి మూలగడం బాగానే వచ్చు.

పన్నెండున్నరకి మెండెల్ గారు తట్టుకోలేకపోయారు. "తినండి," అన్నారు తెలుగులో. రోజూ వినగా వినగా ఆయనకి వచ్చిన ఒకే ఒక్క తెలుగు మాట.

"మీరు తింటేనే."

ఆయన గొణుక్కుంటూ గుడ్డు తిన్నారు, మాత్రలు మింగారు. తర్వాత ఆమె అన్నం పెట్టుకుంటే ఎదురుగా కూర్చుని, ఆమె పళ్లెం ఖాళీ అయ్యేదాకా కదలలేదు. పాపం, కడుపులో ఇడ్లీల మీద అన్నం కూరుకోలేక బాలకుమారికి చెమటలు పట్టాయి.

అయిదయింది. కొత్తగా వచ్చే ఆమె కోసం మాత్రల డబ్బా సర్దిపెట్టి, "వెళ్తున్నానండీ," అంది. ఆయన పుస్తకంలోంచి తలెత్తలేదు. "వెళ్తున్నానండీ," అంది మళ్లీ. గుడికోసం ఏడ్చే మనిషికి నేను కనబడనా అని ఏడుపొచ్చి, సూట్‌కేసు ఈడ్చుకుంటూ తలుపు దాకా వెళ్లింది.

వెనకాల వాకర్ చప్పుడు. ఆయన ఎవరినీ తలుపు దాకా సాగనంపింది లేదు.

"ఇవాళ వీడ్కోలు చెప్పను. బహుమతులు ఇవ్వడం కూడా తప్పే."

"తెలుసండీ."

"కాబట్టి నేనేమీ ఇవ్వడం లేదు. ఆ కొక్కేనికి నా భార్య హన్నా కోటు ఉంది. రేపటికి అది కనబడకపోతే పోలీసులకి మాత్రం ఫోన్ చెయ్యను."

ఆమె గోడమీది ఫొటోలో ఉన్న హన్నా గారి వంక చూసింది. "ఆవిడ సన్నం కదండీ. నాకెక్కడ పడుతుంది?"

"దొంగలు ఇన్ని మాటలు మాట్లాడరు," అన్నారాయన.

కోటు సరిగ్గా సరిపోయింది. జూలై ఎండలో మెడదాకా గుండీలు పెట్టుకుని, చెమటలు కక్కుతూ, ఏడుస్తూ, నవ్వుకుంటూ బాలకుమారి బస్సుకి నడిచింది. కొక్కేనికి ఖాళీ హ్యాంగర్ మిగిలింది. పోయిన నెల దర్జీ దానికి కట్టిన చీటీ ఇంకా అలాగే ఉంది: 'నడుము దగ్గర మూడంగుళాలు వదులు చేయాలి.'